పద్దెనిమిది సెకన్ల ఖాళీ

హైమవతి కార్యక్రమంలో పిల్లలు తప్పు చెప్పరు. ఆమెను తొలిచేస్తున్నది అదే.

శనివారం సాయంత్రం ఐదున్నరకి టీవీలో "చాప మీద కబుర్లు" మొదలవుతుంది. ఇరవైమంది పిల్లలు స్టూడియోలో తుంగచాప మీద కూర్చుంటారు. హైమవతి ప్రశ్న అడుగుతుంది, వాళ్లు జవాబు చెబుతారు. అడిగిన వెంటనే గడగడా చెప్పేస్తారు. చెప్పేటప్పుడు మాత్రం ఆమె వంక చూడరు. పైన లైట్లు వేలాడే ఇనప కడ్డీల వైపు చూస్తారు, అక్కడేదో రాసి ఉన్నట్టు.

ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. మునుపటికంటే ఎక్కువే వస్తున్నాయి. కానీ అన్నీ పెద్దవాళ్లు రాసినవి. మీ కార్యక్రమం చూసి మా అబ్బాయి బుద్ధిగా ఉంటున్నాడు అని ఒక తండ్రి రాశాడు. ఆ అబ్బాయి గానీ, అలాంటి మరో అబ్బాయి గానీ, ఏ అమ్మాయి గానీ నాలుగు నెలలుగా ఒక్క కార్డు ముక్క రాయలేదు.

ఈ బాధ చెప్పుకోవడానికి ఆమె టేపుల గదికి వెళ్లింది. ఆమె గురువు పేరిందేవి గారు ఉండేది అక్కడే.

ఆ కేంద్రంలో ప్రసారాలు మొదలైన మొదటి నెల నుంచీ పిల్లల కార్యక్రమం నడిపింది పేరిందేవి గారు. అంతకుముందు బాపట్లలో డ్రాయింగు టీచరు. టీవీ అని ఒకటి వస్తోందట, పిల్లలతో మాట్లాడేవాళ్లు కావాలట అని ఎవరో చెబితే దరఖాస్తు పెట్టారు. టీవీలో పిల్లలతో ఎలా మాట్లాడాలో అప్పటికి ఎవరికీ తెలియదు. ఇంటర్వ్యూ చేసినవాళ్లకి అసలే తెలియదు.

మొదటిరోజు స్టూడియోలో ఆవిడకి పెద్ద కుర్చీ వేసి, పిల్లల్ని చుట్టూ నిలబెట్టారు. ఆవిడ కుర్చీ తీయించారు. బజారు నుంచి తుంగచాప తెప్పించి, పిల్లల్ని కూర్చోబెట్టి, తనూ కూర్చున్నారు. పై నుంచి చూస్తున్న కెమెరాకి పిల్లల నడినెత్తులు తప్ప ఏమీ కనబడలేదు. కెమెరా కిందికి దించమన్నారు. అంత కిందికి వంగితే నా మోకాళ్లు పోతాయండీ అన్నాడు కెమెరామన్.

"నావీ పోతున్నాయి," అన్నారు ఆవిడ, చాప మీంచి లేవకుండా.

కెమెరా దిగింది. పదకొండేళ్లు ఆ ఎత్తులోనే ఉంది.

ఆ పదకొండేళ్లలో ఆవిడకి మూడు మెమోలు వచ్చాయి. మూడూ ఒకే తప్పుకి. ప్రశ్న అడిగాక, పిల్లవాడు నోరు విప్పేదాకా ఆవిడ ఊరుకునేవారు. ప్రత్యక్ష ప్రసారంలో ఊరుకుంటే ఇళ్లల్లో జనం టీవీ పాడైందనుకుని దాని నెత్తిన కొడతారు. మూడో మెమో తర్వాత ఆవిడను చాప మీంచి లేపి, టేపుల మీద లేబుళ్లు అంటించే పనిలో పెట్టారు. రిటైరవడానికి ఇంకా ఎనిమిది నెలలుంది.

చాప హైమవతికి వచ్చింది.

అప్పటికి రెండేళ్లుగా ఆమె పేరిందేవి గారి దగ్గర పని నేర్చుకుంటోంది. అందులో మొదటి ఆరు నెలలూ పిల్లలతో మాట్లాడనివ్వలేదు. ఐదింబావుకి అందర్నీ బాత్రూంకి తీసుకెళ్లి తీసుకురావడం ఒక్కటే పని. ఎం.ఎ. చదివిన మనిషికి అది చిన్నతనంగా ఉండేది. ఒకరోజు అడిగేసింది.

"ఈ పని ఎప్పటిదాకా టీచరుగారూ?"

"ఎవరికి ఎంతసేపు పడుతుందో నీకు తెలిసేదాకా."

ఇప్పుడా టేపుల గదిలో హైమవతి నిలబడే మాట్లాడింది.

"నాలుగు నెలల్లో నా కార్యక్రమంలో ఒక్క సెకను ఖాళీ రాలేదు టీచరుగారూ. ఒక్క సెకను." ఆ మాట అనేటప్పుడు గొంతులో కాస్త గర్వం ఉంది. "అయినా పిల్లలు నా మొహం చూడటం లేదు. ఏం చెయ్యాలో తెలీడం లేదు."

"ప్రశ్నలు ఎవరు రాస్తున్నారు?"

"నేనే. గోవర్ధనం గారు చూసి ఆమోదిస్తారు."

"జవాబులు?"

"అవీ నేనే."

"ఎప్పుడు నేర్పుతున్నావు?"

"గురు, శుక్రవారాలు. బడి అయ్యాక మా ఇంటికి వస్తారు. బూందీ కూడా పెడతాను."

"బూందీ మంచిదే," అన్నారు పేరిందేవి గారు, లేబుల్ తడిచేసి టేపు మీద అంటిస్తూ.

"మరి నేనడిగింది?"

"శనివారం వస్తాను."

రాకూడని శనివారం ఏదైనా ఉందంటే అది అదే.

గోవర్ధనం గారు కార్యక్రమాల అధికారి. చెడ్డవాడు కాదు. ఆయనకి ఖాళీ అంటే భయం, అంతే. ప్రసారం జరుగుతున్నంతసేపూ కంట్రోలు రూము అద్దం వెనక స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడతారు. ఆ వారం హైమవతిని పిలిచి చెప్పారు. "ఈ శనివారం కూడా శుభ్రంగా జరిగితే సోమవారం మీ పర్మనెంటు ఆర్డరు చేతికిస్తాను. జరక్కపోతే నెలాఖరుకి కాంట్రాక్టు అయిపోతుంది. తర్వాత నేనేం చెయ్యలేను."

ఈ పని కోసం ఆమె కాన్వెంటు స్కూల్లో ఉద్యోగం వదిలేసి వచ్చింది. వాళ్లు ఆ చోటులో వేరే టీచర్ని వేసుకున్నారు కూడా. వెనక్కి వెళ్లడానికి చోటు లేదు.

శనివారం ఐదింటికి పేరిందేవి గారు వచ్చారు. ఎవరూ అడక్కుండానే పిల్లల్ని బాత్రూంకి తీసుకెళ్లి తీసుకొచ్చారు.

"మీరు కంట్రోలు రూములో కూర్చోండి టీచరుగారూ," అంది హైమవతి. "అక్కడ ఏసీ బాగుంటుంది."

"నాకు చలి పడదమ్మా."

ప్రసారానికి రెండు నిమిషాలు ఉందనగా ఆవిడ చెప్పులు విప్పి, చాప మీద చివరి వరసలో, దీవెన పక్కన కూర్చున్నారు.

దీవెనకి ఏడేళ్లు. ఆ పిల్లకి నేర్చుకు రమ్మని హైమవతి ఏ జవాబూ ఇవ్వలేదు. అడిగితే వెంటనే చెప్పదు. రెండుసార్లు అడిగితే రెండు రకాలుగా చెబుతుంది. అందుకని చివరి వరసలో వేసి, చప్పట్లు కొట్టే పని అప్పజెప్పింది.

చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకున్న ఫ్లోర్ మేనేజర్ సత్తిరాజు గబగబా వచ్చాడు. "అమ్మా, మీరు కెమెరాలో పడతారు."

"పడితే పడనీ సత్తిరాజూ. చాప పొడుగ్గానే ఉంది."

అతను హైమవతి వైపు చూశాడు. హైమవతి గడియారం వైపు చూసింది. నలభై సెకన్లుంది. ఎర్ర దీపం వెలిగింది.

మొదటి ప్రశ్నకి జవాబు వచ్చింది. రెండో ప్రశ్నకి వచ్చింది. మూడోది చీమల గురించి.

"చీమలు వరసగా ఎందుకు నడుస్తాయి?"

ముందు వరసలో ఫణీంద్ర లేచి, లైట్ల వైపు చూస్తూ అందుకున్నాడు. "చీమలు క్రమశిక్షణ గల జీవులు కనుక వరసగా నడుస్తాయి. మనం కూడా చీమల వలె క్రమశిక్షణతో మెలగాలి."

"చాలా బాగా చెప్పావు," అంది హైమవతి. చప్పట్లు పడ్డాయి. ఆమె కాగితం మీద నాలుగో ప్రశ్న వైపు చూపు తిప్పింది.

చివరి వరసలో ఒక చెయ్యి లేచింది. దానికి రెండు గాజులు, ఒక పాత రిస్టువాచీ ఉన్నాయి.

హైమవతి చూడనట్టు నటించేదే. కానీ ఈలోగా కెమెరా ఆ చేతివైపు తిరిగిపోయింది. ఆ కెమెరామన్‌ది పదకొండేళ్ల అలవాటు. ఇళ్లల్లో అందరూ ఆ చెయ్యి చూసేశారు. ఇక పిలవక తప్పలేదు.

"చెప్పండి," అంది.

పేరిందేవి గారు లేచి, చేతులు కట్టుకున్నారు.

"చీమలు వరసగా ఎందుకు నడుస్తాయో నాకు తెలీదు టీచర్," అని కూర్చున్నారు.

పిల్లలు కిసుక్కుమన్నారు. ఫణీంద్ర జాలిపడి వెనక్కి తిరిగాడు. "క్రమశిక్షణండీ," అని అందించాడు.

"అది నువ్వు చెప్పావు బాబూ. నాకు తెలీదు."

హైమవతి చేతిలో కాగితం ఉంది. నాలుగో ప్రశ్న, మన జాతీయ పక్షి ఏది. నెమలి అని చెప్పాల్సిన అమ్మాయి అప్పటికే సగం లేచి, నోరు తెరిచి ఉంది. సత్తిరాజు వేలు గిరగిరా తిప్పుతున్నాడు, కానివ్వండి కానివ్వండి అని. అద్దం వెనక గోవర్ధనం గారు. ఆయన సొరుగులో ఆర్డరు.

ఆమె పేరిందేవి గారి వైపు చూసింది. ఆవిడ ఏ సైగా చెయ్యలేదు. మిగతా పిల్లల్లాగే చేతులు కట్టుకుని, టీచరు ఏమంటుందా అని చూస్తున్నారు.

"ఇంకా ఎవరికి తెలీదు?" అంది హైమవతి.

ఎవరూ కదల్లేదు. ఈ ప్రశ్న గురువారం లేదు, శుక్రవారం లేదు. ఇందులో ఏదో మోసం ఉందన్నట్టు ఒకరినొకరు చూసుకున్నారు. దీవెన చెయ్యెత్తింది. ఆ తర్వాత ఇంకొకటి లేచింది. తర్వాత ఐదారు ఒక్కసారే లేచాయి. చివరికి ఫణీంద్ర అటూ ఇటూ చూసి, భుజం దాకా ఎత్తాడు.

హైమవతి ప్రశ్నల కాగితం మడిచి మోకాలి కింద పెట్టుకుంది.

"దీవెనా, నువ్వు చీమల్ని చూశావా?"

"చూశాను."

"ఏం చూశావు?"

దీవెన నోరు తెరిచింది. మూసింది. తల వంచి చాప అల్లిక వైపు చూస్తూ ఉండిపోయింది.

సత్తిరాజు వేలు తిరగడం ఆగింది. అరచెయ్యి గొంతు మీద అడ్డంగా గీసుకున్నాడు. ముగించమని కంట్రోలు రూము నుంచి వచ్చిన మాట అది.

పర్వాలేదమ్మా, కూర్చో అనే మాట హైమవతి నాలుక చివరికి వచ్చేసింది. ఇంట్లో నేర్పేటప్పుడు ఆ పిల్లకి మూడుసార్లు ఆ మాటే చెప్పింది. ఇప్పుడు పళ్లు బిగబట్టింది. లైట్ల హోరు వినబడుతోంది. అది అంత పెద్ద చప్పుడని ఆమెకి అంతవరకూ తెలియదు. వీపు మీద చెమట ఒక గీతలాగా దిగుతోంది. సత్తిరాజు గొంతు కోసుకుంటూనే ఉన్నాడు. ఆమె అతని వైపు చూడటం మానేసింది.

అద్దం వెనక గోవర్ధనం గారికి ప్రసారం ఆపి, అంతరాయానికి చింతిస్తున్నాం అనే కార్డు తెర మీద వేయించే అధికారం ఉంది. కానీ కార్డు వేస్తే ఎందుకు వేశారో పైవాళ్లకి ఆయనే రాసుకోవాలి. ఆయన స్టాప్‌వాచీ వైపే చూస్తూ నిలబడిపోయారు.

దీవెన తలెత్తింది. లైట్ల వైపు కాదు, హైమవతి వైపు.

"అన్నీ ఒక పక్కకే వెళ్లవు. కొన్ని ఎదురొస్తాయి," అంది. "ఎదురొచ్చిన ప్రతి చీమ దగ్గరా ఆగుతాయి. ఆగి, మూతి మూతి ఆనించుకుని, అప్పుడు పోతాయి. ప్రతిదాని దగ్గరా అలా ఆగితే ఇంటికి ఎప్పుడు పోతాయి?"

"నాకు తెలీదు," అంది హైమవతి. నిజంగానే తెలీదు.

ఆ తర్వాత ఎవరినీ లేపాల్సిన పని రాలేదు. మా ఇంట్లో ఒక్కటే తిరిగే చీమ ఉంది, దానికి ఎవరూ లేరా అని ఒకడు అడిగాడు. పంచదార డబ్బా చుట్టూ నీళ్లు పోస్తే గోడెక్కి పై నుంచి వచ్చాయని ఇంకో అమ్మాయి చెప్పింది. నెమలి అమ్మాయి నెమలి సంగతి మర్చిపోయింది. ఫణీంద్ర మోకాళ్ల మీద లేచి నిలబడ్డాడు.

"నేను వరసకి అడ్డంగా వేలు పెట్టాను. అన్నీ చెల్లాచెదురయ్యాయి. చాలాసేపు తిక్కతిక్కగా తిరిగాయి."

"అప్పుడు క్రమశిక్షణ లేదా?" అంది దీవెన.

ఫణీంద్ర ఆలోచించాడు. "లేదు," అని ఒప్పుకున్నాడు.

ఆ గోలలోనే సమయం అయిపోయింది. నీతివాక్యం చదవలేదు, ముగింపు పాట పాడలేదు. ఎవరో మాట్లాడుతూండగానే ఎర్ర దీపం ఆరిపోయింది. చాప మీద మాత్రం ఎవరూ ఆపలేదు. సత్తిరాజు వచ్చి పిల్లల్ని లేపుతుంటే, చీమలకి చెవులుంటాయా అంకుల్ అని అతన్ని కూడా పట్టుకున్నారు.

పేరిందేవి గారు చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు.

సోమవారం పొద్దున హైమవతి బల్ల మీద కాగితం ఉంది. ఆర్డరు కాదు, మెమో. ప్రత్యక్ష ప్రసారంలో పద్దెనిమిది సెకన్ల ఖాళీ ఎందుకు వచ్చిందో ఆ రోజు సాయంత్రం నాలుగింటిలోగా సంజాయిషీ ఇవ్వాలి.

గోవర్ధనం గారు తలుపు వేయించి మాట్లాడారు.

"నాకు మీ మీద కోపం లేదు హైమవతి గారూ. నేను చూశాను కదా, ఎవరు చెయ్యెత్తారో. పేరిందేవి గారు వచ్చి అడ్డం పడ్డారు, అందువల్ల ఇలా జరిగింది అని రెండు ముక్కలు రాసివ్వండి. ఆవిడ ఎలాగూ వెళ్లిపోయే మనిషి. మెమోలు ఆవిడకి కొత్త కాదు. మీ ఆర్డరు ఇక్కడే ఉంది." సొరుగు మీద వేలితో తట్టారు. "టైపు కూడా అయింది."

"ఆ పిల్ల చెప్పింది మీరు విన్నారాండీ?"

"విన్నాను. బాగానే చెప్పింది." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "పద్దెనిమిది సెకన్లు పట్టింది."

హైమవతి క్యాంటీన్లో కూర్చుని రెండు పేజీలు రాసింది. గురువు పేరు అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి రాలేదు. అలాగని ఉద్యోగం వదులుకోవడానికీ మనసు రాలేదు. రెండింటికీ సరిపోయేట్టు రాయడానికి రెండు పేజీలు పట్టింది. పట్టుకుని టేపుల గదికి వెళ్లింది.

పేరిందేవి గారు కళ్లజోడు సర్దుకుని, లేబుళ్ల మీద నంబర్లు వేసే ఎర్ర పెన్సిలు అందుకున్నారు. మొదటి వాక్యం పైకి చదివారు.

"జరిగిన లోపానికి తీవ్రంగా చింతిస్తున్నాను." తలెత్తారు. "చింతిస్తున్నావా?"

"లేదు."

గీత పడింది.

"స్టూడియోలో లైట్ల వేడి అధికంగా ఉన్నందువల్ల పిల్లలు ఇబ్బంది పడి." ఆవిడ పెన్సిలు ఆపారు. "వేడి పదకొండేళ్లుగా ఉంది."

గీత పడింది.

"ఇందులో శ్రీమతి పేరిందేవి గారి ప్రమేయం ఏమాత్రం లేదు."

"మీకు మళ్లీ ఇబ్బంది రాకూడదని రాశాను టీచరుగారూ."

"చెయ్యెత్తింది నేనే కదా. నా సంగతి నన్నడిగితే నేను రాసుకుంటాను."

గీత పడింది. రెండో పేజీలో కుటుంబ పరిస్థితుల గురించి, దయతలచడం గురించి ఒక పేరా ఉంది. దాన్ని ఆవిడ పైకి చదవలేదు. ఈ మూల నుంచి ఆ మూలకి ఒకే గీత గీశారు. కాగితం తిరిగిచ్చారు.

రెండు పేజీల్లో ఒక్క వాక్యం మిగిలింది. రాసేటప్పుడు హైమవతి దాన్ని లెక్కచెయ్యలేదు, రెండు పెద్ద వాక్యాల మధ్య ఎక్కడో పడి ఉంది.

ఆ పద్దెనిమిది సెకన్లూ దీవెన ఆలోచిస్తోంది.

"ఇదొక్కటేనా?"

"ఏం జరిగిందని కదా వాళ్లడిగింది."

"ఇది ఇస్తే ఆర్డరు రాదు టీచరుగారూ."

"రాకపోవచ్చు," అన్నారు పేరిందేవి గారు. ఇంకో టేపు అందుకున్నారు.

ఆవిడ ఇంకేమైనా అంటారేమోనని హైమవతి నిలబడింది. ఆవిడ లేబుల్ తడి చేసుకుంటున్నారు. గడియారం మూడూ నలభై చూపిస్తోంది.

హైమవతి స్టూలు లాక్కుని కూర్చుంది. తెల్లకాగితం తీసి, తేదీ వేసి, ఆ ఒక్క వాక్యం నడిమధ్యన రాసింది. రాశాక ఒకసారి చదువుకుంది. మార్చడానికి అందులో ఏమీ లేదు. కాగితం అడుగున కుడిపక్క మూలలో, ఎప్పుడూ పెట్టే రెండు పొడి అక్షరాల కోసం కలం ఆనించింది.

పేరిందేవి గారు టేపు మీంచి చూపు తిప్పకుండానే అన్నారు.

"పూర్తి పేరు రాయి."